వాపును చూసి బలుపనుకుంటే

సాయంత్రం క్లాసు ముగిసే వేళకు ఏదైనా జిమ్‌కి వెళ్లి చూడండి. పదిమంది రబ్బరు మ్యాట్ల మీద వెల్లకిలా పడి ఉంటారు. ఒకడు మోకాళ్ల మీద చేతులు ఆనించి రొప్పుతుంటాడు. మరొకడు తన చెమట నేల మీద గీసిన మనిషి ఆకారాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకుంటుంటాడు. 'ఇయ్యాల సచ్చినం అన్నా' అనే మాటలో బాధ ఉండదు, గర్వం ఉంటుంది. హైరాక్స్ పోటీకి పేరిచ్చినవాళ్లలో ఈ గర్వం మరీ ఎక్కువ. ఇక్కడ ఎంత నలిగితే పోటీ రోజున టైమ్ అంత తగ్గుతుందని వాళ్ల నమ్మకం. మన పెద్దలు ఈ జబ్బుకు ఎప్పుడో పేరు పెట్టారు: వాపును చూసి బలుపనుకోవడం.

ఆ నమ్మకాన్ని పలచన చేసి చెప్పి, దాన్ని కొట్టేయడం న్యాయం కాదు. నమ్మేవాళ్లు చెప్పినట్టే చెబుతాను. వాళ్ల వాదనకు మూడు కాళ్లు. ఒకటి: ఇది బరువుల పోటీ, కాబట్టి ముందు బలం పెంచాలి. రెండు: ఎక్కువ పరుగెత్తితే కండ కరిగిపోతుంది, కాబట్టి పరుగును హద్దులో ఉంచాలి. మూడు: పోటీలో ఊపిరాడదు, కాబట్టి తయారీలోనూ ఊపిరాడకూడదు; మెల్లగా చేసే పరుగు పెన్షనర్ల వ్యాయామం. మూడింటిలోనూ చిటికెడు నిజం ఉంది. ఆ చిటికెడు నిజాన్ని చూపించే ఈ నమ్మకం ఇంతకాలం చలామణి అయింది. నా మాట ఒక్కటే: ఈ పోటీలో మెరుగుపడాలనుకునే సామాన్యుడికి అన్నిటికంటే ఎక్కువ కొరతగా ఉన్నది బలం కాదు, తీవ్రత కాదు, తేలికైన పరుగు.

ముందు పోటీ ఏమిటో చూద్దాం. 2017లో జర్మనీలోని హాంబర్గ్‌లో పుట్టింది. పెట్టినవాళ్లు ఇద్దరు: క్రీడా పోటీల నిర్వాహకుడు క్రిస్టియన్ టోట్జ్‌కె, 2008లోనూ 2012లోనూ ఒలింపిక్ హాకీ స్వర్ణం గెలిచిన జర్మన్ జట్టు ఆటగాడు మోరిట్జ్ ఫుర్‌స్టె. మన దేశానికి 2025లో వచ్చింది: మేలో ముంబై, జులైలో ఢిల్లీ. ఎక్కడ జరిగినా పద్ధతి మారదు. కిలోమీటరు పరుగు, ఆపై ఒక బరువుల పని, ఇలా ఎనిమిదిసార్లు. పనుల వరుస కూడా మారదు: స్కీ మెషిన్ 1000 మీటర్లు, స్లెడ్ తోయడం 50 మీటర్లు, స్లెడ్‌ను తాడుతో లాగడం 50 మీటర్లు, బర్పీ వేసి ముందుకు దూకుతూ 80 మీటర్లు, రోయింగ్ 1000 మీటర్లు, రెండు చేతుల్లో బరువులు మోస్తూ 200 మీటర్లు, భుజాన ఇసుక సంచితో లంజెస్ 100 మీటర్లు, చివర 100 వాల్ బాల్స్. మామూలు మనిషికి మొత్తం గంటన్నర అటూఇటూ పడుతుంది.

ఇప్పుడు ఆ 'బరువులు' చూడండి. మగవాళ్ల ఓపెన్ విభాగంలో ఇసుక సంచి 20 కిలోలు. మనం కిరాణా కొట్టు నుంచి ఇంటికి మోసుకొచ్చే బియ్యం బస్తా 25 కిలోలు. చేతుల్లో మోసేవి 24 కిలోల చొప్పున రెండు, అంటే చేతికొక బస్తా కూడా పూర్తిగా కాదు. గోడకు విసిరే బంతి 6 కిలోలు. ఆడవాళ్లకు సంచి 10, చేతుల్లో 16 చొప్పున, బంతి 4. వీటిలో ఒక్కసారి ఎత్తలేని బరువు ఏముంది? ఆరు కిలోల బంతిని ఒకసారి విసరలేనివాడు జిమ్‌లో ఎవడున్నాడు? ఇబ్బంది నూరోసారి వస్తుంది. అదీ ఎనిమిది కిలోమీటర్లు పరుగెత్తాక, అప్పటికే కాళ్లు ఇసుక సంచికి లొంగిపోయాక. నూరోసారి బంతి గోడ మీది గురికి తగలకపోతే, అది బలం చాలక కాదు, ఊపిరి చాలక. డెడ్‌లిఫ్ట్‌ను 140 నుంచి 180కి పెంచుకున్నవాడు ఏడాది కష్టపడి ఉంటాడు, కాదనను. కానీ ఆ నలభై కిలోలు ఆ బంతి దగ్గర అక్కరకు రావు.

లెక్క వేద్దాం. కిలోమీటరుకు ఆరున్నర నిమిషాల చొప్పున పరుగెత్తేవాడికి ఎనిమిది కిలోమీటర్లకు 52 నిమిషాలు పడుతుంది. అతను ఆరు నిమిషాలకు దిగితే 48. నాలుగు నిమిషాల లాభం. ఇదే నాలుగు నిమిషాలను బలంతో సంపాదించాలంటే? స్లెడ్ తోయడానికి అతనికి నాలుగు నిమిషాలు పడుతోందనుకుందాం. అప్పుడు ఆ స్లెడ్ తనంతట తానే నడవాలి. బలం పెంచి స్లెడ్ టైమ్‌ను సగానికి కోసినా రెండు నిమిషాలే మిగులుతాయి. ఈ కూడికలు తీసివేతలు అయిదో తరగతి పిల్లలు చేస్తారు. అయినా వారానికి అయిదు రోజులు స్లెడ్ చుట్టూ తిరిగి, ఒక్కరోజు, అదీ వీలైతే, ట్రెడ్‌మిల్ ఎక్కేవాళ్లే మనలో ఎక్కువ.

లెక్కలు నమ్మనివాళ్లకు ప్రయోగశాల మాట కూడా ఉంది. 2025లో ఫ్రాంటియర్స్ ఇన్ ఫిజియాలజీ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. సరదాకు పోటీపడే 11 మందితో పోటీ మొత్తం చేయించి కొలిచారు. సమయంలో పెద్ద వాటా పరుగుదే. త్వరగా ముగించిన వాళ్లలో కనిపించిన లక్షణాలు ఏమిటంటే ప్రాణవాయువును వాడుకోగల సామర్థ్యం, అంటే వీఓటూ మ్యాక్స్ ఎక్కువగా ఉండటం. ఓర్పు వ్యాయామానికి ఎక్కువ గంటలు పెట్టడం. ఒంట్లో కొవ్వు తక్కువగా ఉండటం. పదకొండు మంది చిన్న గుంపే, దాన్ని వేదవాక్కు చేయనక్కర్లేదు. కానీ అది చెప్పేదీ, పై లెక్క చెప్పేదీ ఒకటే అయినప్పుడు, దానికి ఎదురు చెప్పేవాళ్లు ఏదో ఒక ఆధారం చూపించాలి కదా. నేల మీది చెమట మరక ఆధారం కాదు.

'సరే, పరుగు ముఖ్యమే. అయితే గట్టిగా పరుగెత్తుతాం, మెల్లగా ఎందుకు?' అంటారు. ఇక్కడే అసలు విషయం ఉంది. ఈ పోటీలో కిలోమీటరు పరుగు రెండు పనులు చేయాలి. దూరం తరగాలి, వెనకటి పనిలో పేరుకున్న అలసట కూడా తీరాలి. స్లెడ్ తోసినప్పుడు తొడల్లో పుట్టే లాక్టేట్‌ను మనం విషంగా చూస్తాం గానీ అది ఇంధనం. దాన్ని తెచ్చి మండించుకునే పొయ్యిలు కండరంలోని మైటోకాండ్రియా. పొయ్యిలు ఎక్కువున్నవాడు పరుగెత్తుతూనే తేరుకుంటాడు. తక్కువున్నవాడు ఆగితే గానీ తేరుకోడు. ఆ పొయ్యిలు ఓర్పు వ్యాయామంతో పెరుగుతాయని 1967లో అమెరికా శాస్త్రవేత్త జాన్ హోలోజీ ఎలుకలను ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించి చూపించాడు. వాటితో పాటు కండరాల్లో సన్నని రక్తనాళాలు పెరగాలి, గుండె ఒక్కోసారి కొట్టుకున్నప్పుడు పంపే రక్తం పెరగాలి. ఇవన్నీ వారాలూ నెలలూ పట్టే పనులు, గంటలు అడిగే పనులు. ఊపిరాడని వేగంతో వారానికి ఎన్ని గంటలు చేయగలరు? రెండు? మాట్లాడుకుంటూ చేసే వేగంతో అయితే అయిదారు గంటలు చేసి, మర్నాడు ఆఫీసుకు కూడా వెళ్లొచ్చు. మెల్లగా అనేది బద్ధకంతో చెప్పే మాట కాదు, ఎక్కువ చేయడానికి ఉన్న దారి.

ఇక రెండో కాలు. 'పరుగు తీస్తే కండ కరిగిపోతది అన్నా.' ఈ భయానికి పుట్టినిల్లు ఉంది. హోలోజీ దగ్గరే పనిచేసిన రాబర్ట్ హిక్సన్ స్వయంగా బరువులెత్తే మనిషి. గురువుతో కలిసి పరుగెత్తడం మొదలుపెట్టాక తన బలం తగ్గుతున్నట్టు అతనికి తోచింది. దాన్ని తేల్చుకోవడానికి ప్రయోగం చేసి 1980లో ప్రచురించాడు. పది వారాల పాటు ఒక గుంపు బరువులే ఎత్తింది, ఒక గుంపు ఓర్పు వ్యాయామమే చేసింది, మూడో గుంపు రెండూ చేసింది. మూడో గుంపు బలం మొదటి ఏడు వారాలూ దాదాపు మొదటి గుంపుతో సమానంగా పెరిగింది, తర్వాత నిలిచింది, చివరి రెండు వారాల్లో తగ్గింది. జిమ్ముల్లో చెప్పుకునేది ఈ చివరి వాక్యమే.

చెప్పుకోనిది నేను చెబుతాను. ఆ మూడో గుంపు వారానికి అయిదు రోజులు బరువులు ఎత్తింది, ఆరు రోజులు ఓర్పు వ్యాయామం చేసింది. ఆ ఓర్పు వ్యాయామం పార్కులో కబుర్లు చెప్పుకుంటూ చేసిన జాగింగ్ కాదు. మూడు రోజులు సైకిల్ మీద దాదాపు శరీరం తట్టుకోగల గరిష్ఠ స్థాయిలో అయిదేసి నిమిషాల విడతలు. మూడు రోజులు చేతనైనంత వేగంగా పరుగు. అంటే హిక్సన్ దోషిగా నిలబెట్టింది తేలిక పరుగును కాదు. రోజూ బరువులు, రోజూ ఊపిరాడని తీవ్రత, విశ్రాంతి లేకపోవడం, వీటి కలయికను. ఇవాళ హైరాక్స్ పేరుతో జిమ్ముల్లో చేయిస్తున్నది అచ్చం అదే! తమ మీద రాసిన చార్జిషీటును తీసుకెళ్లి పరుగు మీద కేసు పెట్టినట్టుంది వ్యవహారం. ఆ తర్వాత నలభై ఏళ్లలో వచ్చిన అధ్యయనాలను కలిపి విశ్లేషించి 2022లో స్పోర్ట్స్ మెడిసిన్ పత్రిక ప్రచురించిన వ్యాసం కూడా, రెండూ కలిపి చేస్తే కండ పెరగడానికీ గరిష్ఠ బలానికీ చెప్పుకోదగ్గ నష్టం లేదనే తేల్చింది. దెబ్బ తగిలే అవకాశం ఉన్నది మెరుపు వేగపు బలానికి, అదీ రెండూ ఒకే పూటలో కలిపేసినప్పుడు.

మూడో కాలు తీవ్రత. దీనికి వేదం టబాటా. జపాన్ శాస్త్రవేత్త ఇజుమి టబాటా 1996లో ప్రచురించిన ప్రయోగంలో 20 సెకన్ల సైకిల్, 10 సెకన్ల విరామం. ఇలా ఏడెనిమిది విడతలు, మొత్తం నాలుగు నిమిషాలు. ఫలితాలు నిజంగానే గొప్పగా వచ్చాయి. కానీ ఆ 20 సెకన్ల తీవ్రత ఎంత? వీఓటూ మ్యాక్స్‌కు చేరే శ్రమలో 170 శాతం. ఆ స్థాయి నాలుగు నిమిషాలకు మించి నిలవదు. మన క్లాసుల్లో ముప్పావు గంట సాగేది టబాటా కాదు, టబాటా బోర్డు తగిలించుకున్న దుకాణం. ఇంకో సంగతి: ఆ గుంపు కూడా వారంలో ఒక రోజు 30 నిమిషాల పాటు మధ్యస్థ స్థాయిలో నిలకడగా సైకిల్ తొక్కింది. తీవ్రతకు వేదంగా చూపించే ప్రయోగంలోనే నిలకడకు ఒక రోజు కేటాయించారు. మనం మాత్రం ఆ రోజును కొట్టేశాం.

ముప్పావు గంట క్లాసులో జరిగేదేమిటంటే, అది నిజంగా తీవ్రం కాదు, ఎందుకంటే అంతసేపు తీవ్రత సాధ్యం కాదు. తేలికా కాదు, ఎందుకంటే మర్నాటికి ఒళ్లు తేరుకోదు. రెంటికీ చెడ్డ రేవడి. ఓర్పు క్రీడల్లో ప్రపంచ స్థాయి ఆటగాళ్ల తయారీని ఏళ్ల తరబడి పరిశీలించిన స్టీఫెన్ సైలర్‌కు కనిపించిన పద్ధతి దీనికి నేరుగా వ్యతిరేకం: దాదాపు అయిదింట నాలుగు సెషన్లు తేలికగా, మిగిలిన ఒకటి నిజంగా కష్టంగా. ఇది కొత్త కనిపెట్టుడు కూడా కాదు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో న్యూజిలాండ్ కుర్రాడు పీటర్ స్నెల్ 800 మీటర్ల పరుగు గెలిచాడు. రెండు నిమిషాల లోపు ముగిసే పందెం అది. దానికోసం కోచ్ ఆర్థర్ లిడియార్డ్ అతనితో వారానికి వంద మైళ్లు పరుగెత్తించాడు. అవి షికారు మైళ్లు కావు, అలాగని ఊపిరాడని మైళ్లూ కావు. రెండు నిమిషాల పందేనికే అంత పునాది కావలసి వస్తే, గంటన్నర పందేనికి పునాది అక్కర్లేదనేవాళ్ల ధైర్యానికి దండం పెట్టాలి.

'పోటీ ఎలా ఉంటుందో రోజూ రుచి చూస్తేనే కదా అలవాటయ్యేది' అని వారం వారం పోటీ మొత్తాన్నీ సిమ్యులేషన్ పేరుతో చేయించేవాళ్లున్నారు. వాళ్లను ఒకసారి సంక్రాంతికి మన పల్లెల్లో జరిగే బండలాగుడు పందేలకు తీసుకెళ్లాలి. ఒంగోలు జాతి ఎడ్ల జతలు, పళ్లను బట్టి విభాగాలు, విభాగాన్ని బట్టి బండ బరువు. గెలుపును తేల్చేది ఇచ్చిన సమయంలో ఎన్ని అడుగులు లాగాయన్న లెక్క. బండను కదిలించే బలం ప్రతి జతకూ ఉంటుంది. మొదటి చుట్టులోనే ఎగిరిపడి, ఈలలు కొట్టించుకుని, తర్వాత నాలుక బయటపెట్టి నిలబడిపోయే జత ఓడుతుంది. అడుగు తగ్గకుండా చివరి నిమిషం దాకా లాగే జత గెలుస్తుంది. మరి ఆ ఎడ్లను పోషించే రైతు, పందెం ముందు నెలంతా రోజూ పందెపు బండే కట్టి కూలబడేదాకా లాగిస్తాడా? లాగిస్తే ఊళ్లో వాళ్లు ఏమంటారు? మనం ఎడ్లకు చూపించే ఇంగితం మన మోకాళ్లకు చూపించం.

పోటీ రోజున జరిగే పొరపాటు కూడా ఈ తీవ్రత మతం నేర్పిందే. రోజూ మొదటి నిమిషం నుంచే చావబాదుకున్నవాడికి పోటీలో వేరే వేగం తెలియదు. స్కీ మెషిన్‌నే తీసుకోండి. అందులోనూ రోయింగ్‌లోనూ వేగం కొంచెం పెరిగితే శక్తి ఘనంగా పెరుగుతుంది. మూడో ఘాతం లెక్క. 500 మీటర్లకు 2 నిమిషాల 10 సెకన్ల వేగానికి దాదాపు 159 వాట్లు చాలు. 2 నిమిషాలకు దించాలంటే 202 కావాలి. అంటే 1000 మీటర్లలో 20 సెకన్లు మిగుల్చుకోవడానికి 27 శాతం ఎక్కువ శక్తి. ఆ అప్పు తీర్చాల్సింది తర్వాతి కిలోమీటరు, ఆ వెంటనే స్లెడ్. ఇరవై సెకన్లు అక్కడ సంపాదించి, నిమిషం ఇక్కడ పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ. పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలన్నారు గానీ, ఈ పోటీలో చాలామంది పరుగెత్తీ నీళ్లే తాగుతున్నారు.

బలం అక్కర్లేదని నేను అనలేదు. స్లెడ్ ఒక్కటి మాత్రం నిజంగా బరువే. స్లెడ్‌తో కలిపి మగవాళ్ల ఓపెన్‌లో 152 కిలోలు, ఆడవాళ్లకు 102. ప్రో విభాగంలో 202, 152. తోసేవాడి బరువు 58 కిలోలా 90 కిలోలా అని అది అడగదు. సన్నగా ఉండే మారథాన్ మనుషులు అక్కడ కార్పెట్‌కు అతుక్కుపోయినట్టు నిలబడిపోవడం నిజం. వాళ్లకు బలం కావాలి, వారానికి రెండుసార్లు బరువైన స్క్వాట్లూ డెడ్‌లిఫ్టులూ కావాలి. కానీ బలం ఇక్కడ గడప లాంటిది. దాటాలి; దాటాక దాని మీదే నిలబడి మరింత ఎత్తు చేసుకుంటూ పోతే ఇంట్లోకి వెళ్లేదెప్పుడు? స్లెడ్‌ను పన్నెండున్నర మీటర్ల చొప్పున నాలుగు విడతల్లో, మధ్యలో చతికిలబడకుండా తోయగలిగితే గడప దాటినట్టే. జిమ్ నుంచి వచ్చేవాళ్లలో చాలామంది అది దాటే వస్తారు. అలాగే వారానికి మూడే రోజులు దొరికేవాళ్లకు అయిదింట నాలుగు లెక్క అచ్చంగా కుదరదు, అదీ ఒప్పుకుంటాను. వాళ్లు కూడా ఆ మూడింట్లో ఒకటి సుదీర్ఘమైన తేలిక పరుగుకు, ఒకటి బరువులకు ఇచ్చి, మూడోదాన్ని పరుగూ బరువూ కలిపిన కష్టానికి ఉంచుకోవచ్చు. అలసిన కాళ్లతో పరుగెత్తడం నేర్చుకోవలసిన విద్యే. దానికి వారానికి ఒక పూట చాలు.

మరి ఇంత తేలిక లెక్క ఎందుకు తలకెక్కదు? జిమ్‌కి నాలుగు గోడలుంటాయి, గంటకో బ్యాచ్ ఉంటుంది, నెలకో ఫీజు ఉంటుంది. ఆ గోడల మధ్య అమ్మగలిగింది చెమట. గంటన్నర పాటు నెక్లెస్ రోడ్డు మీదో, విశాఖ బీచ్ రోడ్డు మీదో మెల్లగా పరుగెత్తమని చెప్పడానికి కోచ్ అక్కర్లేదు, మ్యూజిక్ అక్కర్లేదు, ఫీజూ అక్కర్లేదు. ఎవరి దురుద్దేశమూ లేకుండానే, అమ్ముడుపోయేదే సిద్ధాంతమై కూర్చుంది. కొనేవాళ్ల తప్పూ ఉంది. అలసట వెంటనే చేతికందే రసీదు. ఓర్పు మూడు నెలల తర్వాత వచ్చే వడ్డీ. ఫోన్‌లో పెట్టడానికి రసీదే బాగుంటుంది. పైగా మెల్లగా పరుగెత్తుతుంటే పక్కనుంచి మార్నింగ్ వాక్ పెద్దాయన దాటిపోతాడు. మే నెల ఎండలో, ఉక్కలో గుండె వేగం ఇంకా త్వరగా ఎక్కుతుంది కాబట్టి మరింత మెల్లగా వెళ్లాలి. అక్కడ నొచ్చుకునేది కాళ్లు కాదు, అహం.

నా మాట నమ్మనక్కర్లేదు, పరీక్షించండి. చల్లటి ఉదయపు వేళ, కేబీఆర్ పార్కు చుట్టూనో, మీ ఊరి కాలేజీ గ్రౌండులోనో, పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగే వేగంతో అయిదు కిలోమీటర్లు పరుగెత్తండి. గుండె వేగం, పట్టిన సమయం రాసిపెట్టుకోండి. పన్నెండు వారాలు అలాంటి పరుగునే ఎక్కువ చేసి, బరువులు రెండు పూటలు, కష్టం ఒక పూట ఉంచండి. తర్వాత అదే దారిలో, అదే గుండె వేగంతో, అదే చల్లటి ఉదయపు వేళ మళ్లీ పరుగెత్తి చూడండి. రెండు సమయాల మధ్య వచ్చిన తేడా మీరు పెంచుకున్న అసలు బలుపు. అది అద్దంలో కనిపించదు, మ్యాట్ మీద మరకగా మిగలదు. ఎప్పుడు కనిపిస్తుందంటే, పోటీలో చేతి బరువులు కింద పెట్టి ఏడో కిలోమీటరుకు బయల్దేరినప్పుడు, మొదటి కిలోమీటరులో మిమ్మల్ని దాటేసి దూసుకుపోయినవాడు నడుస్తూ ఎదురైనప్పుడు.